తలదించిన తుపాకి: ఒక ఆత్మకథ

పోలీసు స్టేషను గుమ్మం దగ్గర నిలబడే సెంట్రీ చేతికీ, గస్తీకి బయలుదేరే కానిస్టేబుల్ భుజానికీ ప్రభుత్వం అప్పగించే ఆయుధాన్ని ఠాణా తుపాకి అంటారు. అది ఎవరి సొంతమూ కాదు. దానికి పేరు ఉండదు. మడమ మీద, అంటే భుజానికి ఆనించే వెడల్పాటి కర్ర భాగం మీద, ఒక అంకె మాత్రం ఉంటుంది. రికార్డుల్లో తుపాకి గురించి రాసే ప్రతి వాక్యమూ ఆ అంకెతో మొదలై ప్రథమ పురుషలోనే ముగుస్తుంది కాబట్టి ఈ ఆత్మకథ కూడా ఆ అలవాటునే పాటిస్తున్నది; చెప్పుకునేది తన బతుకే అయినా, చెప్పేది తనను ‘ఈ తుపాకి’ అనే పిలుచుకుంటున్నది. తన సంగతులు ఇందులో కొన్నే. తనను మోసి, ఆ మోతలోనే ప్రాణం విడిచిన పోలీసుల సంగతులే ఎక్కువ.

ఈ తుపాకి జాతిని తెలుగు జనం త్రీనాట్‌త్రీ అంటారు. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యింట 303 వంతులు కావడం వల్ల ఆ పేరు వచ్చింది. 1907లో బ్రిటిషు సైన్యం ఖాయం చేసుకున్న నమూనాను కలకత్తా దగ్గరి ఈశాపూర్ కర్మాగారం దశాబ్దాల పాటు తయారు చేసింది. దాదాపు నాలుగు కిలోల బరువు, పది తూటాలు పట్టే పెట్టె, ఒక్కో తూటాకు ఒక్కోసారి చేత్తో వెనక్కి లాగి ముందుకు నెట్టవలసిన గడియ, అక్రోటు కర్ర ఒళ్లు: పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. ఒక మనిషి మొదటిసారి రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకున్న రోజునే ఠాణా తుపాకి చరిత్ర మొదలవుతుంది.

ఈ తుపాకి ఎక్కువ కాలం తిరిగినది చింతపల్లి కొండల్లో. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా పైకెక్కితే, సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉండే ఈ ప్రాంతాన్ని పాత కాగితాలు గూడెం కొండలంటాయి. జనం మన్యం అంటారు. ప్రత్యేక చట్టాల కింద ఏజెంటు పాలనలో ఉంచిన కారణంగా సర్కారు ఏజెన్సీ అన్నది. ఇక్కడ తుపాకులకు ఒక పెద్ద కథ ఉంది. అది ఈ తుపాకి కథ కాదు, దీనికి ముందు తరం వాటిది. అయినా మన్యంలో పనిచేసిన ఏ ఠాణా తుపాకీ ఆ కథను దాటి తన కథ చెప్పుకోలేదు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అంటే కొండవాలులో చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లే గిరిజన సేద్యాన్ని కట్టడి చేసింది. దాని పైన, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో ఘాట్ రోడ్డు పనికి గిరిజనుల చేత చేయించిన వెట్టి తోడయింది. ఈ రెండూ కలిసి అల్లూరి సీతారామరాజు నాయకత్వంలోని పితూరీకి దారి తీశాయి. పితూరీ అంటే ఇక్కడి వాడుకలో సర్కారు మీద తిరుగుబాటు. ఆ పితూరీకి కావలసినది మనుషులు కాదు, తుపాకులు. అవి ఉన్న చోటు పోలీసు స్టేషను. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద, మరునాడు కృష్ణదేవిపేట మీద, ఆ మరునాడు రాజవొమ్మంగి మీద వరసగా దాడులు జరిగాయి. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26 తుపాకులూ 2,500కు పైగా తూటాలూ మూడు రోజుల్లో చేతులు మారాయి.

చింతపల్లిలో ఆ రోజు స్టేషనులో ఉన్న పోలీసులకు ప్రాణహాని జరగలేదు. ఈ ఒక్క వాస్తవాన్ని ఈ తుపాకి తన జాతి చరిత్రలో ఎంతో గౌరవంతో దాచుకున్నది. తెల్లదొరల కొలువులో ఉన్న దేశీయ కానిస్టేబుల్ పొట్టకూటికి వచ్చినవాడనీ, అతన్ని చంపడం తన పని కాదనీ ఆ నాయకుడు తలచాడు. ఆ తర్వాత జరిగిన పోరుల్లో కూడా వీలైనంత వరకు ఆ నియమం పాటించాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటు వేసినప్పుడు ముందు నడిచిన దేశీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిషు పోలీసు అధికారులను కాల్చారు. పోలీసుల దగ్గర తీసుకున్న తుపాకులతోనే తిరుగుబాటుదారులు పోలీసులతో పోరాడిన రోజులవి. తనను శుభ్రం చేసిన చేతికే ఎదురు తిరగవలసి రావడం కన్నా ఠాణా తుపాకికి పెద్ద దుఃఖం మరొకటి ఉండదు, అది ఎవరి పక్షాన న్యాయం ఉన్న పోరాటమైనా సరే.

ఆ ఇద్దరు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్పులకు గురైన సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఏటా వేలమంది అక్కడికి వెళ్తారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అది ఉచితమైన గౌరవం. అయితే ఇటు అధికారికీ అటు నాయకుడికీ రాయి దొరికిన ఈ కొండల్లో కానిస్టేబుల్‌కు మాత్రం చాలాకాలం ఏ రాయీ దొరకలేదు. 1879లో రంప ప్రాంతంలో మొదలై చుట్టుపక్కల మన్యానికి పాకిన తిరుగుబాటులోనూ పోలీసులు చనిపోయారు. మన్యపు జ్వరాలు, ముఖ్యంగా మలేరియా, తీసుకుపోయిన కానిస్టేబుళ్ల లెక్క వేరే ఉంది. తుపాకిగుండుకు చనిపోయినవాడిని విధి నిర్వహణలో మరణించినవాడుగా రాస్తారు. అదే గస్తీలో దోమకాటుకు గురై పదిహేను రోజుల తర్వాత ఆస్పత్రి మంచం మీద పోయినవాడిని రోగిగా రాస్తారు. ఇద్దరూ ఒకే దారి నడిచారు, ఒకే తుపాకి మోశారు. ఈ తేడాను ఈ తుపాకి ఎప్పటికీ ఒప్పుకోలేదు.

మన్యంలో చనిపోయిన పోలీసును తలచుకోవడం అంటే అల్లూరిని తక్కువ చేయడం అవుతుందేమో అనే సంకోచం చదువుకున్నవారిలో కొందరికి ఉంటుంది. ఆ సంకోచానికి ఆధారం లేదు. ఎదుటివాడి పోలీసులోనూ మనిషిని చూసి పోనిచ్చినవాడి నేల ఇది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఈ స్టేషన్లలో పనిచేసినవారు పరాయి ప్రభుత్వపు మనుషులు కారు. కొందరు మైదానం నుంచి, అనకాపల్లి, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన రైతుబిడ్డలు. మరికొందరు ఈ కొండల్లోనే పుట్టిన బగత, కొండదొర, వాల్మీకి కుటుంబాల యువకులు. యూనిఫారం తీసి సంతకు వెళ్తే వాళ్లను బంధువులు వరసపెట్టి పిలిచేవారు. అలాంటివారిలో ఒకడు చనిపోతే స్టేషనులో ఒక ఉద్యోగం ఖాళీ అవుతుంది, ఊళ్లో ఒక వరస ఖాళీ అవుతుంది.

ఈ తుపాకి గర్వంగా చెప్పుకునే పనంతా అలాంటి చేతుల్లో చేసినదే. లంబసింగి వైపు శీతాకాలపు తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దాకా దిగినప్పుడు గొట్టం ఇనుము మంచుగడ్డలా ఉండేది. సెంట్రీ అరచేతిని కర్ర మీదికి జరిపి పట్టుకునేవాడు. అక్రోటు కర్ర మీద నిగనిగలాడే మెరుపంతా అలాంటి అరచేతుల చెమట, అవిసె నూనె కలిసి తెచ్చినదే. ఆ మెరుపులో ఒక్కో చేతికి ఒక్కో చోటు ఉంది. ఎడమ చేతివాటం గలవాడు గడియను తిప్పలేక తంటాలు పడేవాడు. పొట్టివాడు పట్టీని రెండు రంధ్రాలు బిగించుకునేవాడు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చినవాడు ఆ రాత్రి మడమను నేలకు ఆనించి, దాని మీద గడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడేవాడు. ఎన్నికల పెట్టెల వెంట, కలరా వచ్చిన ఊళ్లకు మందులు మోసే ఉద్యోగుల వెంట, సంతలో తగవుల మధ్య, ఒక్క తూటా కాల్చకుండా ఈ తుపాకి గడిపిన రోజులే ఎక్కువ. కాల్చనవసరం రాని రోజే ఠాణా తుపాకికి మంచి రోజు.

తర్వాతి కాలం మంచిది కాదు. నక్సలైట్ల విప్లవ దళాలు ఈ అడవుల్లో స్థావరాలు ఏర్పరచుకున్న దశాబ్దాల్లో పోలీసు మరణానికి రూపం మారిపోయింది. కంటికి కనిపించే శత్రువు మీద గురిచూసే రోజులకు తయారైన త్రీనాట్‌త్రీ, రోడ్డు కింద పాతిపెట్టిన మందుపాతర ముందు ఏమీ చేయలేకపోయింది. ఒక తూటా కాల్చి గడియ లాగేలోపు ఎదుటి ఆయుధం పెట్టెడు తూటాలు కుమ్మరించేది. సైన్యమైతే 1962 నాటి చైనా యుద్ధం తర్వాతే ఈ జాతిని పక్కన పెట్టి, తనంత తానుగా తూటా ఎక్కించుకునే రైఫిళ్లకు మళ్లింది. సైన్యానికి పాతబడినవి పోలీసు స్టేషన్లలో మరో తరం పనిచేశాయి. ఎదుటివాడి ఆయుధం కన్నా వెనుకబడిన ఆయుధంతో కొండదారి నడిచిన కానిస్టేబుళ్ల ధైర్యం ఎంతటిదో ఆ ఆయుధానికే తెలుసు.

1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ చొరవతో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళం ఏర్పడింది. అడవిలో దళాలను దళాల పద్ధతిలోనే ఎదుర్కోవడానికి శిక్షణ పొందిన బలగం అది. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. ఆ దళానికి అతిపెద్ద దెబ్బ తగిలింది ఈ కొండల అంచునే. చింతపల్లి వెనుక, సీలేరు నది మీద, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయం ఉంది. 2008 జూన్ 29న గాలింపు ముగించుకుని లాంచీలో తిరిగివస్తున్న బలగం మీద గట్టు మీది నుంచి మావోయిస్టులు కాల్పులు జరపగా లాంచీ మునిగిపోయింది. 38 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ కమాండోలు. నీటిలో మనిషి చేతి ఆయుధమే అతనికి బరువవుతుంది. ఆయుధాన్ని వదిలేస్తే ఈదగలిగేవాడు కూడా వదలడానికి తటపటాయిస్తాడు, ఎందుకంటే శిక్షణ మొదటి రోజు నుంచి అతనికి నేర్పింది ఆయుధాన్ని వదలవద్దనే. ఆ లాంచీలో ఈ తుపాకి లేదు. ఉన్నవన్నీ దీనికన్నా కొత్తవి. అయినా తూటాపెట్టెల బరువుతో నీళ్లలోకి జారిపోయిన ఆ ఇనుము తన జాతిదే కాబట్టి, ఆ జలాశయం పేరు వినబడినప్పుడల్లా ఈ తుపాకి తనలో తాను బరువెక్కుతుంది.

దేశమంతా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుకుంటుంది. 1959లో అదే తేదీన లడాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర, గాలింపుకు వెళ్లి తిరిగిరాని సహచరులను వెతుకుతూ కరమ్ సింగ్ నాయకత్వంలో బయలుదేరిన పోలీసు బృందం మీద చైనా సైనికులు కాల్పులు జరిపారు. పదిమంది మరణించారు. వారి దేహాలు నవంబరు 13న గాని అందలేదు. మరుసటి జనవరిలో జరిగిన రాష్ట్రాల పోలీసు ఉన్నతాధికారుల సమావేశం ఆ తేదీని స్మారక దినంగా నిర్ణయించింది. అప్పట్లో చైనా సరిహద్దు కాపలా పోలీసుల పనే అనే సంగతి నేటి తరానికి అంతగా తెలియదు.

ఏటా ఆ సంస్మరణ దినాన కవాతు మైదానంలో ‘శోక్ శస్త్ర్’ అనే ఆజ్ఞ వినబడుతుంది. మిగతా రోజుల్లో ఎప్పుడూ పైకి చూసే తుపాకి ఆ ఆజ్ఞతో నెమ్మదిగా తలకిందులై, గొట్టం మూతిని సిపాయి ఎడమ బూటు మీద ఆనించుకుంటుంది. మడమ మీద అతని రెండు చేతులూ చేరుతాయి. ఆ చేతుల మీదుగా అతని తల వంగుతుంది. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వినిపిస్తుంది. సాయంత్రం శిబిరం సద్దుమణిగిందని సైన్యం ఊదే పాత పాటనే చనిపోయినవారికి వీడ్కోలుగా ఊదుతారు. దానికి ముందు ఆ ఏడాది, అంటే గత సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకు, దేశమంతటా విధి నిర్వహణలో మరణించినవారి పేర్లు చదువుతారు. చిన్న స్టేషన్ల నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు ఎండలో కదలకుండా నిలబడి, తమకు తెలియని భాషల పేర్లు వింటూ, తమకు తెలిసిన ఒక్క పేరు కోసం ఎదురుచూస్తారు.

కొత్త ఆయుధాలు వచ్చిన తర్వాత ఈ తుపాకికి మిగిలిన పని ఇదీ, అంత్యక్రియల్లో గాలిలోకి కాల్చే సలామీనే. దీనికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. సలామీకి వాడేది బ్లాంకు. అందులో మందు ఉంటుంది, గుండు ఉండదు. తనంత తానుగా తూటా ఎక్కించుకునే ఆయుధం గుండును తోసే వాయువు ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి ప్రత్యేక అమరిక లేకపోతే బ్లాంకుతో ఆగిపోతుంది. గడియను మనిషి చేత్తో లాగే త్రీనాట్‌త్రీకి ఆ ఇబ్బంది లేదు. యుద్ధానికి పనికిరాకుండా చేసిన నిదానమే వీడ్కోలుకు పనికొచ్చింది. చితి పక్కన వరుసగా నిలబడి మూడుసార్లు కాల్చేటప్పుడు, ఒక్కో కాల్పుకూ మధ్య గడియలన్నీ కలిసి చేసే చప్పుడు విన్న తల్లులు ఉన్నారు. అందులో ఏ ఒక్క తల్లి ముఖాన్నీ ఈ తుపాకి మరచిపోలేదు.

సలామీ తర్వాత చేయవలసిన పని ఒకటి ఉంది. ఈ తుపాకి ఫిర్యాదు అంతా ఆ పని గురించే. పాతకాలపు తూటా అడుగున నిప్పు రగిలించే రసాయనం కాలిన తర్వాత గొట్టం లోపల ఉప్పులాంటి పొరను వదులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. అందుకే పేల్చిన రోజే గొట్టంలో మరిగిన నీళ్లు పోసి కడగాలి. ఆ పైన పుల్‌త్రూతో, అంటే ఒక కొనకు ఇత్తడి బరువు, రెండో కొనకు గుడ్డముక్క కట్టిన తాడుతో, లోపల పొడిబారేదాకా లాగాలి. చివర పల్చగా నూనె పట్టించాలి. నూనె పైపైన రాస్తే చాలదు, ఉప్పు నీళ్లలోనే కరుగుతుంది. పాత హెడ్ కానిస్టేబుళ్లు ఈ పనిని పూజలా చేసేవారు. పొయ్యి మీద నీళ్లు మరిగేదాకా కూర్చుని, చనిపోయినవాడి గురించి రెండు మాటలు చెప్పుకుంటూ, గొట్టాన్ని దీపం వైపు పట్టి లోపలి మెరుపును చూసి, చాలనుకున్నాకనే లేచేవారు.

ఒక ఏడు, మన్యంలోనే ఒకచోట, సలామీ మధ్యాహ్నానికి ముగిసింది. దండలు వేసినవారు వెళ్లిపోయారు. వాహనాలు ఘాట్ దిగిపోయాయి. నీళ్లు మరిగించినవారు లేరు. వచ్చినవాడు వచ్చినట్టే తుపాకులను ఆయుధాల గదిలో గోడకు ఆనించి తాళం వేశాడు. వాన ఇంకా వెనుకబట్టని రోజులు. గోడ చెమ్మగిల్లింది. వారం తిరిగేసరికి గొట్టం లోపల ఎర్రటి చుక్కలు లేచాయి. నెల తిరిగేసరికి ఆ చుక్కలు గుంటలయ్యాయి. అవి మళ్లీ పూడవు. అక్రోటు కర్ర తేమకు ఉబ్బి, ఎండకు కుదించుకుపోయి, ఒక చోట చీలింది. అరచేతుల మెరుపున్న చోటే చీలింది. కొంతకాలానికి గడియ లాగినా రాలేదు. పనిచేయని వస్తువుల పక్కకు, విరిగిన కుర్చీలూ చిరిగిన రెయిన్‌కోట్లూ ఉన్న మూలకు, ఈ తుపాకిని జరిపారు. అక్కడ కందిరీగ ఒకటి మూతిలో మట్టి గూడు కట్టింది. అది గుడ్లు పెట్టి ఎగిరిపోయింది. గూడు అలాగే ఉండిపోయింది.

అలా వదిలేసినవారి పేరు చెప్పాలనే కోరిక ఈ తుపాకికి లేదు. పదిమంది చేయవలసిన బందోబస్తును నలుగురు చేసే చోట, మరునాడు తెల్లవారకముందే మరో ఊరికి బయలుదేరవలసినవాడికి నీళ్లు మరిగించే తీరిక ఎక్కడిది? అయినా బాధ బాధే. ఈ తుపాకిని తినేసిన తుప్పు యుద్ధంలో పట్టినది కాదు, వానలో గస్తీ తిరిగి తెచ్చుకున్నది కాదు. ఒక అమరుడికి గౌరవంగా కాల్చిన మూడు బ్లాంకుల వల్ల పట్టింది. వందనం తర్వాత మిగిలిపోయిన పని వల్ల పట్టింది.

అలా మిగిలిపోయే పనులు మనుషుల విషయంలోనూ ఉన్నాయి. కానిస్టేబుల్ చనిపోయిన ఇంట్లో భార్య పేరిట పింఛను కాగితాలు కదలాలి, కారుణ్య నియామకం కింద బిడ్డకో తమ్ముడికో ఉద్యోగం రావాలి, పిల్లలు చదువుకోవాలి. ఇవన్నీ బ్యూగిల్ ఆగిపోయిన తర్వాతే మొదలయ్యేవి. వీటికి దండలు ఉండవు, కెమెరాలు ఉండవు. రాతి మీద పేరు చెక్కడం కూడా అలాంటి పనే. 2018 అక్టోబరు 21న న్యూఢిల్లీలోని చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించారు. 30 అడుగుల ఎత్తు, 238 టన్నుల బరువుగల ఏకశిల చుట్టూ ఉన్న గోడ మీద అప్పటికి 34,844 పేర్లు చెక్కారు. అవి 1947 నుంచి మరణించినవారివి. అంత పెద్ద గోడ మీద ఒక కానిస్టేబుల్ పేరు ఉండటం గొప్ప సంగతే. కాని ఆ పేరును వేలితో తడమాలనుకునే తల్లి ఉండేది ఢిల్లీలో కాదు, ఘాట్ రోడ్డు చివర. అతను అన్నం తిన్న స్టేషను గుమ్మం దగ్గర, అతని ఊరి పేరుతో సహా, ఆమె చదవగలిగిన లేదా చదివించుకోగలిగిన తెలుగులో ఆ పేరు ఉండాలని ఈ తుపాకి గట్టిగా కోరుకుంటున్నది. గుండుకు పోయినవాడి పక్కన జ్వరానికి పోయినవాడి పేరూ ఉండాలి. హోంగార్డు పేరూ ఉండాలి.

పనికిరాని ఆయుధాన్ని అధికారుల బృందం పరిశీలించి కండెమ్ చేస్తుంది, అంటే సేవ నుంచి తొలగించాలని తీర్మానిస్తుంది. ఆ తర్వాత మరెవరూ వాడకుండా ఆ ఇనుమును ముక్కలు చేసి కరిగించడం ఆనవాయితీ. ఈ తుపాకికి ఆ వరస వచ్చింది. కరిగిపోవడం గురించి దీనికి దిగులు లేదు. దిగులంతా తనతోపాటు మూలన పడి ఉన్న ఒక రిజిస్టరు గురించి. ఆయుధాలు ఇచ్చి పుచ్చుకునే లెక్క రాసే ఆ పుస్తకంలో తేదీ, మడమ అంకె, తీసుకున్నవాడి పేరు, వేళ, సంతకం, తిరిగి అప్పగించిన వేళ, సంతకం అని గడులు ఉంటాయి. పాత రికార్డుల గడువు తీరాక వాటిని కాల్చివేస్తారు. కాల్చేముందు ఎవరైనా తెరిచి చూస్తే, ఈ తుపాకి అంకెకు ఎదురుగా వందల వరుసల్లో పొద్దున తీసుకున్నవాడే సాయంత్రం అప్పగించినట్టు ఒకే చేతిరాత రెండుసార్లు కనిపిస్తుంది. చెదలు అంచులు తినేసిన ఒక పేజీలో మాత్రం తీసుకున్న సంతకం ఒకరిది, అప్పగించిన సంతకం మరొకరిది.